నిదానంగా పోయేటప్పుడే లో గేరు కావాలి

సంపాదకులు గారికి,

సెలవులొస్తే గండికోట వైపో, ఓర్వకల్లు రాళ్లగుట్టల వైపో వచ్చే కుర్రాళ్లలో నాలుగు చక్రాల ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద తోలే బండి) తోలాలని ముచ్చటపడేవాళ్లు పెరిగారు. బండి ఇచ్చేవాళ్లు చాలాచోట్ల హెల్మెట్ పెడతారు, బ్రేకు చూపిస్తారు, బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ చూపిస్తారు. గేరు రాడ్డును మాత్రం హెచ్ (హై గేరు) మీద పెట్టి, ‘దీని జోలికి పోవద్దు’ అని పంపించేస్తారు. చిక్కంతా ఆ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

రేగడి దున్నేటప్పుడు ట్రాక్టరును హై రేంజిలో పెట్టే రైతు మన సీమలో ఒక్కడూ ఉండడు. అదే మనిషి ఏటీవీ ఎక్కితే మాత్రం ‘ఇది ఆటోమేటిక్కే కదా, అదే చూసుకుంటుంది’ అనుకుంటాడు. అది చూసుకోదు. ఇంజినుకూ గేరు పెట్టెకూ మధ్య రెండు పుల్లీలు, ఒక రబ్బరు బెల్టు ఉంటాయి. వేగాన్ని బట్టి పుల్లీలు దగ్గరికీ దూరానికీ జరిగి నిష్పత్తిని మారుస్తాయి. అంతవరకే ఆటోమేటిక్. ఆ తర్వాత గేరు పెట్టెలో ఉండే లో, హై మనం చేత్తో వేయాల్సినవే. బండిని బట్టి కొంత తేడా ఉన్నా, అదే ఇంజిన్ వేగానికి లో గేరులో చక్రాలు హైలో తిరిగే దాంట్లో సుమారు సగమే తిరుగుతాయి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది.

స్కూటీలోనూ బెల్టే ఉంటుంది కదా అంటారు. అక్కడ వెనక విడిగా క్లచ్చు ఉంది, జారితే అది జారుతుంది. పొలారిస్ లాంటి కంపెనీల చాలా ఏటీవీల్లో బెల్టే క్లచ్చు పని కూడా చేస్తుంది. హై గేరులో పెట్టి నాపరాళ్ల మీద నడక వేగంతో పాకిస్తే ఇంజిన్ వేగం చాలదు, ముందు పుల్లీ బెల్టును గట్టిగా బిగించి పట్టదు. బెల్టు జారుతుంది, కాలుతుంది. పైగా బెల్టు పెట్టెలోకి గాలి ఆడించేది ఆ పుల్లీకి ఉన్న రెక్కలే. ఇంజిన్ మెల్లగా తిరిగితే గాలీ తగ్గుతుంది. మన ఎండల్లో ఇది రెండింతల దెబ్బ. మొదట రబ్బరు మాడిన వాసన వస్తుంది, తర్వాత బెల్టు పక్కలు అద్దంలా నున్నబడతాయి. ఒకచోట అరిగి పల్లం పడితే బండి బయల్దేరేటప్పుడల్లా గుంజుతుంది. ఆఖరికి తెగి పోగులు పుల్లీకి చుట్టుకుంటాయి. కొత్త బెల్టు ఖర్చు వేలల్లోనే.

పొలారిస్ మాన్యువల్ చెప్పే లెక్క గంటకు 11 కి.మీ. అంతకు తక్కువ వేగంతో ఎక్కువసేపు పోవాలన్నా, బరువు లాగాలన్నా లో వేయాలి. మా లెక్కలో రాళ్ల దారైతే 15 దాకా లో గేరే మేలు. 25-30 దాటి సాఫు దారిలో చాలాదూరం పోయేటప్పుడు హై. అక్కడ లో గేరులోనే తోలితే ఇంజిన్ ఊరికే అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది.

దిగుడు సంగతి అంతకన్నా ముఖ్యం. లో గేరులో యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. హైలో ఆ పట్టు తక్కువ. కొన్ని బళ్లలో ఇంజిన్ వేగం పడిపోగానే బెల్టు వదులై బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే జారిపోతుంది. అప్పుడు భారమంతా బ్రేకు మీదే. గులకరాళ్ల మీద ఒక్కసారిగా బ్రేకు నొక్కితే చక్రం బిగుసుకుని బండి పక్కకు తిరుగుతుంది. అందుకే ఎక్కుడైనా దిగుడైనా మొదలు కాకముందే లో వేయాలి, మధ్యలో కాదు. ఏటవాలులో ఆగాల్సివస్తే యాక్సిలరేటరుతో నిలబెట్టకుండా బ్రేకు పట్టాలి. అక్కడ కూడా కాలేది బెల్టే.

మార్చే పద్ధతి: బండి పూర్తిగా ఆగాలి, బ్రేకు పట్టి ఉండాలి, ఇంజిన్ ఐడ్లింగుకు దిగాలి. రాడ్డు పడకపోతే బలం చూపొద్దు. బ్రేకు కాస్త వదిలి బండిని జానెడు కదిలిస్తే లోపలి పళ్లు కలుస్తాయి. కదులుతుండగా గుంజితే కరకరమని శబ్దం వస్తుంది, అది పళ్లు అరిగే శబ్దమే.

లో గేరూ ఫోర్ వీలూ ఒకటే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఫోర్ వీల్‌కు వేరే స్విచ్చు ఉంటుంది. అది బలాన్ని నాలుగు చక్రాలకు పంచుతుంది తప్ప నిష్పత్తిని మార్చదు. వానకు తడిసిన రేగడిలో రెండూ కావాలి. పెన్నా ఇసుకలో మాత్రం లో గేరు అన్నిసార్లూ పనికిరాదు. మెత్తటి ఇసుకలో ఊపు మీద పోవాలి. లో గేరులో యాక్సిలరేటర్ ఎక్కువ నొక్కితే చక్రాలు గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి.

వంక దాటాక బండి కదలక ఇంజిన్ మాత్రం అరుస్తుంటే బెల్టు తడిసిందని అర్థం. న్యూట్రల్‌లో పెట్టి కాసేపు ఓ మోస్తరుగా రేజ్ చేస్తే ఆరుతుంది. నీళ్లు ఎక్కువ చేరితే బెల్టు పెట్టె కింద ఉండే డ్రెయిన్ బిరడా తీసి వదలాలి.

అద్దెకు తిప్పే 110, 125 సీసీ చిన్న బళ్లలో చాలావాటికి లో గేరే ఉండదు, ముందుకు, న్యూట్రల్, వెనక్కు అంతే. వాటిని చదును నేల దాటనివ్వకూడదు. ఇక ఒక్కరి సీటు మీద ముగ్గురు ఎక్కి గుట్ట ఎక్కించే సరదాకు ఏ గేరూ మందు కాదు.

ఏటీవీలు తిప్పడానికి అనుమతి ఇచ్చే అధికారులను కోరేది ఇది: ట్యాంకు మీద ‘ఆగి మార్చు, దిగేముందు లో’ అని తెలుగులో ఒక స్టిక్కరు వేయించండి. బండి ఇచ్చేముందు ప్రతి ఒక్కరి చేతా ఒకసారి లో వేయించి, పది అడుగులు నడిపించి చూడమనండి. రెండు నిమిషాల పని.

ఇట్లు,
ఇద్దరు మెకానిక్కులు,
జమ్మలమడుగు, కడప జిల్లా