పదకొండు వారాలు

చిన్నా,

స్టేడియం బయట నువ్వు తీసి పంపిన విగ్రహం ఫొటో చూశాను. "ఈయనెవరు నాన్నా, జాకీ రాబిన్సన్ కాదుగా?" అని అడిగావు. కాదురా, బేస్‌బాల్ ఆటగాడు లారీ డోబీ. మన న్యూజెర్సీలోనే, ప్యాటర్సన్‌లో పెరిగినవాడు. ఫోన్లో మొదలుపెడితే రెండో నిమిషానికే "సరే నాన్నా" అంటావు. అందుకే కాగితం తీశాను.

దశాబ్దాలుగా తెల్లవాళ్లకే పరిమితమైన పెద్ద లీగుల్లోకి 1947 ఏప్రిల్ 15న మొదటి నల్లజాతి ఆటగాడిగా రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున దిగాడు. జులై 5న డోబీ మీ క్లీవ్‌లాండ్ తరఫున దిగాడు, రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడిగా. మధ్యలో పదకొండు వారాలు, అంతే. ఆ మాత్రానికే ఒకాయన పిల్లల పుస్తకాల్లోకెక్కాడు, ఇంకొకాయన్ని ఆ ఊళ్లోనే చదువుకుంటున్న నువ్వు పోల్చుకోలేకపోయావు. పదకొండు వారాల్లో ఏం మారిందని? గ్యాలరీల్లోంచి తిట్లు ఆగలేదు. టీమంతా దిగిన హోటల్లో ఈయనకు గది ఇవ్వని ఊళ్లు ఉండనే ఉన్నాయి.

నన్నడిగితే డోబీకే ఎక్కువ కష్టమైంది. రాబిన్సన్‌ను ముందు ఏడాది మాంట్రియల్‌లో చిన్న లీగ్‌లో ఆడించి సిద్ధం చేశారు. డోబీని మాత్రం నెవార్క్ ఈగిల్స్ అనే నల్లవాళ్ల టీమ్ నుంచి నేరుగా తెచ్చి షికాగోలో దించేశారు. అప్పటికి 23 ఏళ్లు. మేనేజర్ ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్లి పరిచయం చేస్తుంటే కొందరు చెయ్యి కూడా కలపలేదు. దిగిన మొదటి రోజే స్ట్రైక్ అవుట్. ఆ సీజన్ మొత్తం మీద అయిదంటే అయిదు హిట్లు.

మరుసటి ఏడాది బ్యాటింగ్ సగటు .301. అంటే పదిసార్లలో ఏడుసార్లు ఉత్త చేతులతో వెనక్కి రావడం. దాన్ని గొప్ప అంటారని నమ్మడానికి, క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు నీ చిన్నప్పటి లిటిల్ లీగ్ సీజన్లు రెండు పట్టాయి! రెండు లీగుల విజేతలు కప్పు కోసం తలపడే వరల్డ్ సిరీస్‌లో, ఆ 1948 నాలుగో మ్యాచ్‌లో డోబీ కొట్టిన హోమ్ రన్‌తో 2-1 తేడాతో గెలిచారు. ఆట అయ్యాక, ఆ రోజు బంతులు విసిరిన స్టీవ్ గ్రోమెక్ అనే తెల్ల పిచ్చర్ ఆయన్ని వాటేసుకుని, చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫొటో పేపర్లలో పడింది. వెతికి చూడు. చెయ్యి కలపని ఆ మొదటి రోజుకి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ ఏడాది తర్వాత మీ ఊరు కప్పు గెలవడం మళ్లీ చూడలేదు, అది వేరే బాధ.

1978లో షికాగో వైట్ సాక్స్‌కి మేనేజరయ్యాడు. అక్కడా నల్లవాళ్లలో రెండోవాడే. మొదటివాడి పేరు ఏమిటనుకున్నావు? ఫ్రాంక్ రాబిన్సన్! వేరే రాబిన్సన్‌లే, కానీ చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత అదోలా అనిపించింది. మేటి ఆటగాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి డోబీని 1998లో గానీ పిలవలేదు. జాకీ రాబిన్సన్‌ను పిలిచి అప్పటికి 36 ఏళ్లు.

కుర్రాడిగా డోబీ ఆడిన హించ్‌లిఫ్ స్టేడియం ప్యాటర్సన్‌లో ఇంకా ఉంది. పాడుబడిపోయినదాన్ని బాగుచేసి 2023లో తెరిచారు. థాంక్స్‌గివింగ్‌కి వస్తావుగా, ఒక పూట నాకివ్వు. అమ్మని కూడా ఒప్పిస్తాను.

నాన్న