మసీదు కమిటీ వార్షిక నివేదిక, 2024–25

అస్సలాము అలైకుం. సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, జమాత్ సోదరులకు, మేడమీది అక్కచెల్లెళ్లకు కమిటీ తరఫున సలాం. ఈ ఏడాది వుజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే) కుళాయిలు మార్చాం, నీళ్ల ట్యాంకు కడిగించాం, ఇఫ్తార్ ఎప్పటిలాగే జరిగింది. అన్నిటికంటే పెద్ద పని మైకు.

ఇమామ్ సాబ్ నిలబడి చదివినంతసేపూ వినబడేది, రుకూలోకి (నడుము వంచి) వెళ్లగానే తక్బీర్, అంటే ‘అల్లాహు అక్బర్’ అనే పిలుపు, అందేది కాదు. వెనక సఫ్‌ల (వరుసల) వాళ్లు ముందువాళ్లను చూసి వంగేవాళ్లు. మేడమీద ఆ వీలూ లేదు. వాల్యూమ్ పెంచితే స్పీకర్ శబ్దమే మళ్లీ మైకులోకి వెళ్లి గుమ్మటం కింద కూత. ఇంకో రెండు హారన్లు కట్టిద్దామని కొందరన్నారు. లోపం హారన్లది కాదు. స్టాండు మైకుకు జానెడు దూరంలో ఉన్న నోరు మూడు జానల దూరానికి జరిగితే మైకుకు చేరే శబ్దశక్తి తొమ్మిదో వంతుకు పడిపోతుంది.

అందుకే నమాజుకు వైరులేని కాలర్ మైకు తీసుకున్నాం. అన్ని వైపులా వినే రకం కాదు, ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ రకం. గడ్డానికి జానెడు కింద, షాలువా పైన తగిలించాలి. లోపల పెడితే బట్ట రాపిడి బరబరమంటుంది. అయినా మొదట కూత ఆగలేదు. మిహ్రాబ్‌కు (ఇమామ్ ఎదుటి గోడలోని గూడుకు) అటూ ఇటూ ఉన్న స్పీకర్ బాక్సులు నేరుగా ఇమామ్ సాబ్ ఛాతీ మీదికే చూస్తున్నాయి. వాటిని ఆయన వెనకున్న మొదటి స్తంభాలకు మార్చి, ముఖం జమాత్ వైపు తిప్పాక ఆగింది. మధ్యమధ్య మాట తెగిపోవడానికి కారణం కాలర్ మైకు సంకేతం అందుకునే రిసీవర్‌ను ఇనుప బీరువాలో పెట్టడమే. ఇప్పుడది కిటికీ గట్టు మీద ఉంది.

అజాన్‌కు మాత్రం స్టాండు మీద మామూలు డైనమిక్ మైకే. అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ చెవుల్లో వేళ్లు పెట్టుకుంటారు కాబట్టి చేతి మైకు కుదరదు. ‘హయ్య అలస్సలాహ్’ దగ్గర ముఖం కుడికి, ‘హయ్య అలల్‌ఫలాహ్’ దగ్గర ఎడమకు తిప్పుతారు. మరీ ఇరుకుగా వినే మైకైతే సరిగ్గా అక్కడే గొంతు జారిపోతుంది.

మింబర్ (ప్రసంగ వేదిక) మీద వంగే మెడ ఉన్న కండెన్సర్ మైకు పెట్టినప్పుడు పలకలేదు. చెడిపోయిందని తిరిగి ఇవ్వబోయాం. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోనే అందే కరెంటు) కావాలి, పాత ఆంప్లిఫయర్‌లో అది లేదు. అది ఉన్న, 12 వోల్టుల బ్యాటరీతోనూ నడిచే కొత్త ఆంప్లిఫయర్ కొన్నాం. ఆంప్లిఫయర్‌లో ఎకో పూర్తిగా ఆపేశాం, గుమ్మటం ప్రతిధ్వనే చాలు.

2025 మార్చి 1 రాత్రి రంజాన్ మొదటి తరావీహ్ (రాత్రి నమాజు)లో మేడమీది చివరి సఫ్ దాకా ఒక్క తక్బీర్ తప్పలేదు. అల్‌హమ్దులిల్లాహ్.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటి హారన్లు మోగకూడదు. అందుకని హారన్లకు వేరే స్విచ్ పెట్టాం, ఫజర్ (తెల్లవారుజాము) అజాన్ లోపలి బాక్సుల్లోనే. పగటి అనుమతి కాగితం కోసం ఆరుసార్లు తిరిగాం, సంతకం ఇంకా కాలేదు. దరఖాస్తులో లోపం ఉంటే చెప్పాలి కదా, అదీ చెప్పరు.

కూలి తీసుకోకుండా వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ సోదరుడికి, ఆంప్లిఫయర్ ఖర్చు భరించి పేరు వద్దన్న దాతకు, ఓపికగా పదేపదే చదివి పరీక్షించిన ఇమామ్ సాబ్‌కు, నిచ్చెన ఇచ్చిన పక్కింటివారికి కృతజ్ఞతలు. పనికి పేరు రాయించుకున్నవారు పన్నెండుమంది, వైరు లాగే రోజు వచ్చింది ముగ్గురే. ఈ మాట నివేదికలో రాయక తప్పడం లేదు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది, రసీదులు కోశాధికారి దగ్గర చూడవచ్చు.

ప్రతి జుమాకు ముందు కాలర్ మైకులో రెండు పెన్సిల్ సెల్లు మార్చాలి, సలాం తిప్పి నమాజు ముగియగానే దాని స్విచ్ ఆపాలి. ఈ బాధ్యతకు ఇద్దరు యువకులు కావాలి. పేర్లు ఈ రోజే ఇవ్వండి.

కార్యదర్శి