ఏడు అస్థిపంజరాలు, నాలుగున్నర నెలలు

ఒరేయ్ శీనుగా,

ఆదివారం రాత్రి ఫోన్లో పగలబడి నవ్వావు చూడూ, దానికి సమాధానం అప్పుడే చెప్దామనుకున్నా గానీ పక్కన మా అమ్మ ఉంది, తిట్లు కుదర్లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. "ఏంట్రా ఈ బొమ్మలాట, దీనికా నన్నూ మావాణ్ణీ గంటా ముప్పావు కూర్చోబెట్టావ్?" అన్నావు. సరే, బొమ్మలాటే. కాదని నేనెప్పుడన్నాను?

ముందు నువ్వన్న వాటిలో నిజమున్నవి ఒప్పేసుకుంటా. 1963 నాటి ఆ గ్రీకు పురాణ సినిమా 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్'లో మనుషుల నటన అంతంతమాత్రమే. హీరో టాడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ చూడ్డానికి బావుంటాడు గానీ ఆ గొంతు అతనిది కాదు, వేరేవాళ్ల చేత డబ్బింగ్ చెప్పించారు. హీరోయిన్‌కీ అంతే. (మన సినిమాలు చూసి పెరిగిన మనం దాని గురించి నోరెత్తకూడదనుకో.) కథ కూడా ఎక్కడో మధ్యలో తుంచేసినట్టు అయిపోతుంది. అది మాత్రం మంచిదే అయింది, ఎందుకంటే ఆ తర్వాత గ్రీకు కథలో జేసన్ ఇంకో పెళ్లికి సిద్ధపడితే అతని భార్య మెడియా కన్నపిల్లల్నే చంపుకుంటుంది. పిల్లలతో చూసే సినిమాలో అదెక్కడ పెడతారు?

కానీ ఆ కంచు రాక్షసుడు టాలోస్‌ని చూసి కూడా నవ్వావంటే మాత్రం నేనొప్పుకోను. అసలు ఆ సీను నువ్వు సరిగ్గా చూశావా, లేక ఫోన్ చూసుకుంటున్నావా? హెర్క్యులిస్, ఆ కుర్రాడు హైలస్ కలిసి కంచు విగ్రహం దిమ్మ లోపలున్న నిధిలోంచి ఒక పెద్ద సూది పట్టుకుని బయటికొస్తారు. ఏమీ జరగదు. గాలి శబ్దం తప్ప ఇంకేం లేదు. వాళ్లు తలెత్తి చూస్తారు, విగ్రహం ఎప్పటిలాగే మోకాళ్ల మీద వంగి కూర్చుని ఉంటుంది. అప్పుడు తుప్పుపట్టిన గేటు తీసినప్పుడొచ్చే కిర్రుమనే చప్పుడుతో దాని తల మెల్లిగా వీళ్ల వైపు తిరుగుతుంది. అంతే. అరుపుల్లేవు, ఉరుకుల్లేవు. నేను ఎనిమిదో తరగతిలో మా పెదనాన్న వాళ్లింట్లో కేబుల్ టీవీలో మొదటిసారి చూశా, ఆ తల తిరిగినప్పుడు నా చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయింది.

టాలోస్ బిర్రబిగుసుకుని నడుస్తాడని కదా నీ కంప్లైంట్? కంచు మనిషి ఇంకెలా నడుస్తాడ్రా! ఆ బొమ్మల్ని కదిలించిన రే హ్యారీహౌసెన్ కావాలనే అలా బరువుగా, మొరటుగా నడిపించాడు. గ్రీకు కవి అపోలోనియస్ రాసిన పాత కావ్యంలో టాలోస్ క్రీట్ ద్వీపానికి కాపలా కాస్తూ ఓడల మీద బండరాళ్లు విసురుతాడు, వాడి ప్రాణమంతా మడమ దగ్గరున్న ఒకే ఒక్క నరంలో ఉంటుంది. మన దుర్యోధనుడి తొడ లాగన్నమాట. సినిమాలో జేసన్ వెనకనుంచి వెళ్లి ఆ మడమకున్న బిరడా తిప్పేస్తాడు, లోపలున్నదంతా సెగలు కక్కుతూ కారిపోతుంది. అప్పుడు టాలోస్ ఏం చేస్తాడో గుర్తుందా? ఊపిరాడనట్టు రెండు చేతులతో గొంతు పట్టుకుంటాడు. కంచు విగ్రహానికి ఊపిరేంటి? అయినా ఆ ఒక్క కదలికతో, అప్పటిదాకా చావాలి చావాలి అనుకున్నవాడి మీద జాలేస్తుంది. నాకైతే ఇప్పటికీ వేస్తుంది. ఆ గొంతు పట్టుకోవడం ఏ నటుడూ చేసింది కాదు, ఒక మనిషి గదిలో ఒంటరిగా కూర్చుని రబ్బరు బొమ్మ చేతుల్ని వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ చేయించింది.

ఇక అస్థిపంజరాలు. నువ్వేమో "విఠలాచార్య సినిమాల్లో ఎప్పుడో చూసేశాం" అన్నావు. నాకూ విఠలాచార్య అంటే ఇష్టమే, కె.వి. రెడ్డి 'మాయాబజార్'లో కూడా ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగురుకుంటూ వెళ్తుంటే ఇప్పటికీ పెదాలు తడుపుకుంటా. కానీ ఇక్కడ జరిగిన పని వేరు. అసలు గ్రీకు కథలో డ్రాగన్ పళ్లు నాటితే నేలలోంచి మామూలు సైనికులే మొలుస్తారు. రక్తబీజుడి చుక్కలు గుర్తొచ్చాయా? సినిమాలో వాళ్లను ఎముకల గూళ్లు చేశారు, పళ్లేమో హైడ్రా అనే ఏడు తలల పామువి. ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి.

హ్యారీహౌసెన్ ఎలా తీశాడో చెప్తా, విను. ముందు ఇటలీలో ఆ ముగ్గురు నటుల చేత ఉత్తి గాలితో యుద్ధం చేయించారు, ఎదురుగా ఎవడూ లేకుండా, లెక్క పెట్టుకుంటూ, ఫలానా అంకె దగ్గర కత్తి ఆగాలి అన్నట్టు. తర్వాత ఆ ఫిల్మును ఒక చిన్న తెర మీద వెనకనుంచి ఒక్కో ఫ్రేమ్ చొప్పున వేసి, తెర ముందు బల్ల మీద జానెడు బొమ్మల్ని నిలబెట్టి, మనిషి కత్తి ఎక్కడుందో చూసి బొమ్మ డాలును సరిగ్గా అక్కడికి జరిపి ఒక ఫ్రేమ్ తీయడం, మళ్లీ జరపడం, మళ్లీ తీయడం. బల్ల కనబడకుండా కింది భాగాన్ని నల్లగా మూసి ఒకసారి, పైభాగం మూసి ఇంకోసారి అదే ఫిల్మ్ మీద తీస్తే, బొమ్మ తెర ముందు కాకుండా ఆ గుడి శిథిలాల మధ్యే నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఒక్కో అస్థిపంజరానికి తల, రెండు చేతులు, రెండు కాళ్లు. ఏడింటికి కలిపి ఒక్క ఫ్రేమ్‌కి 35 కదలికలు. సెకనుకి 24 ఫ్రేములు. రోజంతా కష్టపడితే సగటున 13 ఫ్రేములు వచ్చేవట, అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తే తెర మీద అర సెకను! నాలుగైదు నిమిషాలైనా లేని ఆ గొడవకి నాలుగున్నర నెలలు పట్టింది. బొమ్మల లోపలుండే కీళ్ల ఇనుప చట్రాల్ని వాళ్ల నాన్న లేత్ మీద చేసిచ్చేవాడు, అది నాకు భలే నచ్చుతుంది. పాపం, ఇంత చేస్తే ఆ సినిమాకి కనీసం ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. 1992లో ఆయన మొత్తం పనికి కలిపి ఒక గౌరవ పురస్కారం ఇచ్చారు.

నీకు చెప్పలేదు గానీ, దసరా సెలవుల్లో మా అక్క కొడుకు వచ్చినప్పుడు నేనూ ఇది చేసి చూశా. బంకమట్టితో ఒక మనిషిని చేశాం, మనిషంటే మనిషని మేమనుకున్నాం. బల్ల మీద నాలుగడుగులు నడిపించి చెయ్యి ఊపించాలి, అంతే మా కథ. సెకనుకి 12 ఫొటోలు చాలనుకుని ఆరు సెకన్లకి 72 ఫొటోలు తీశాం. మూడున్నర గంటలు పట్టిందిరా! నలభయ్యో ఫొటో దగ్గర మా అమ్మ వచ్చి "చీకట్లో ఏం చేస్తున్నార్రా" అని కర్టెన్ లాగేసింది, వెలుతురు మారిపోయింది, మా హీరో సగం రాత్రిలో సగం పగట్లో నడిచాడు. యాభై దాటాక ఎడమ కాలు ముందుకెళ్తోందో వెనక్కొస్తోందో ఇద్దరికీ గుర్తులేదు. కానీ ఫోన్లో తిప్పి చూస్తే మట్టి ఒంటి మీద ఏదో బుసబుసా పొంగుతున్నట్టు కదులుతోంది. ఏంటా అని ఆపి చూస్తే అవి మా వేలిముద్రలు. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కొత్తవి పడుతున్నాయి. 1933 'కింగ్ కాంగ్'లో కూడా బొమ్మని పట్టుకుని జరిపినప్పుడల్లా బొచ్చు నలిగి, తెర మీద గాలికి రేగినట్టు కనిపిస్తుంది. హ్యారీహౌసెన్ స్కూలు కుర్రాడిగా చూసి పిచ్చెక్కిపోయిన సినిమా అదే.

నేను చెప్పాలనుకున్నదీ అదేరా. ఆ కదలికలో ఉన్న చిన్న తడబాటు ఉంది చూశావూ, కొత్త కంప్యూటర్ బొమ్మల్లో అదుండదు. అవి నున్నగా, నిజంగా ఉన్నట్టే పరిగెడతాయి, నిజంగా ఉన్నట్టున్నాయి కాబట్టి మనకేమీ అనిపించదు. చచ్చినవాడి ఎముకలు లేచి నడిస్తే అది మామూలు మనిషి నడకలా ఉండకూడదు, ఎక్కడో తేడా కొట్టాలి. తోలుబొమ్మలాటలో పుల్లలు కనిపిస్తూనే ఉంటాయి, అయినా రావణుడు పదితలలతో వచ్చేసరికి పిల్లలు వెనక్కి జరిగేవాళ్లు కాదూ? ఎవరో ఆడిస్తున్నారని తెలిసీ భయపడటంలో ఒక సరదా ఉంది.

కావాలంటే 1981 'క్లాష్ ఆఫ్ ది టైటాన్స్'లో మెడూసా సీను ఒక్కటి చూడు. మిగతాది నీ ఇష్టం, గ్రీకు కథలోకి నార్వే సముద్రాల రాకాసి క్రాకెన్ ఎలా వచ్చిందని నేనూ అడగను, ఆ లోహపు గుడ్లగూబ గోల నేనూ భరించలేను. కానీ మెడూసా! కాళ్లకి బదులు పాము ఒళ్లు, తోక చివర గిలక్కాయలా చప్పుడు, చేతులు నేలకి ఆనించి ఒంటిని ఈడ్చుకుంటూ వస్తుంది. ముఖం మీద మంటల నీడలు. తల మీద పాములు ఒక్కొక్కటీ దాని పాటికది మెలికలు తిరుగుతుంటుంది, అంటే ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ వాటన్నిటినీ విడివిడిగా జరపాల్సిందే. అప్పటికి హ్యారీహౌసెన్‌కి అరవై. మళ్లీ పెద్ద సినిమా చేయలేదు. 2010లో అదే కథని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో తీశారు, అదీ చూశాను, అందులో మెడూసా ఎలా ఉందో ఎంత ఆలోచించినా ఇప్పుడు గుర్తుకు రావట్లేదు.

సరే, అసలు ప్రశ్న. నువ్వు నవ్వావు, బాగానే ఉంది. నీ కొడుకు నవ్వాడా? ఫోన్లో నీ వెనక వాడి గొంతు వినబడలేదు మరి. టాలోస్ తల ఇటు తిరిగినప్పుడు వాడు ఎక్కడున్నాడో కనుక్కుని రాయి, సోఫా మీదో, సోఫా వెనకో. సంక్రాంతికి వస్తే వాడికీ ఓ ముద్ద బంకమట్టి తీసిపెడతా. కర్టెన్‌కి ఈసారి పిన్నులు పెడుతున్నాం.

ఉంటా మరి,
నీ కిట్టిగాడు