విదేశానికి వెళ్లిన ఏడాది రిటర్ను: అబ్బాయికి అమ్మ ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, నాన్నగారూ క్షేమం. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

మొన్న ఆదివారం ఫోనులో, "జీతం జర్మనీలో వస్తోంది, పన్ను కూడా అక్కడే కోసుకుంటున్నారు, ఇంక ఇండియాలో రిటర్ను వేయవలసిన పనేముందమ్మా?" అని అడిగావు. వేయాలి నాన్నా అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. కారణాలు చెప్పబోతే నీకు ఆఫీసు మీటింగు వేళ అయింది. ఇరవై ఎనిమిదేళ్లు అకౌంట్సు విభాగంలో పనిచేసి, ఎందరివో రిటర్నులు చేతులారా నింపిన దాన్ని. నీ విషయంలో ఒక్క మాటతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను. తీరికగా, ఒకటికి రెండుసార్లు చదువుకో.

విమానం ఎక్కిన రోజుతో ఇక్కడి ఆదాయపు పన్నుతో సంబంధం తెగిపోతుందని చాలామంది అనుకుంటారు. నీ చేతిలో ఏ వీసా ఉందో, నువ్వు అక్కడ ఎన్నేళ్లు ఉండదలచుకున్నావో చట్టం అడగదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు నువ్వు ఈ దేశంలో ఎన్ని రోజులు గడిపావో చూస్తుంది, ఆ పన్నెండు నెలల్లో ఇక్కడ నీకు ఎంత ఆదాయం పుట్టిందో చూస్తుంది. రోజుల లెక్క నీ హోదాను తేలుస్తుంది. ఆదాయపు లెక్క రిటర్ను వేయాలో అక్కర్లేదో తేలుస్తుంది. ఈ రెండు లెక్కలూ ఏ ఏటికి ఆ ఏడు కొత్తగా వేసుకోవలసిందే. నిరుడు వచ్చిన జవాబు ఈ ఏడు పనికిరాదు.

ముందు రోజుల సంగతి చూద్దాం. నువ్వు 2025 ఆగస్టు 24న బయలుదేరావు. ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టులో 24, మొత్తం 146 రోజులు. బయలుదేరిన రోజును కూడా కలిపే లెక్కించాను, జాగ్రత్త అలా లెక్కించడంలోనే ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 6వ సెక్షను ప్రకారం ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్నవాళ్లు రెసిడెంట్లు, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసులు. అంతకన్నా తక్కువ ఉన్నా, ఆ ఏడాదిలో 60 రోజులు, దానికి ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ గడిపినవాళ్లు కూడా రెసిడెంట్లే. ఈ రెండో నియమం ఉన్నది ఉన్నట్టుగా వర్తిస్తే నువ్వు రెసిడెంటువే అయ్యేవాడివి. కాని విదేశంలో ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే భారత పౌరుడికి, వెళ్లిన ఆ ఏడాదికి, 60 రోజుల స్థానంలో 182 రోజులని చట్టమే వెసులుబాటు ఇచ్చింది. అందువల్ల 2025-26కి నువ్వు నాన్ రెసిడెంటువి. మామూలుగా సెప్టెంబరు 28లోపు ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు 181 రోజులే అవుతాయి కనుక ఈ హోదా దక్కుతుంది. ఒక్క రోజు ఆలస్యమైతే దక్కదు.

నీతోపాటే ఉద్యోగం వచ్చి, వీసా ఆలస్యమై డిసెంబరులో అక్కడికి చేరిన నీ స్నేహితుడి పరిస్థితి నీకు పూర్తిగా భిన్నం. అతను ఈ ఏడాదికి రెసిడెంటు. రెసిడెంటుకు ప్రపంచంలో ఎక్కడ సంపాదించిన ఆదాయమైనా ఇక్కడ లెక్కలోకి వస్తుంది కాబట్టి, డిసెంబరు నుంచి మార్చి దాకా జర్మనీలో తీసుకున్న జీతాన్ని కూడా అతను ఇక్కడి రిటర్నులో చూపాలి, అక్కడ కట్టిన పన్నుకు మన రెండు దేశాల మధ్య ఉన్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం కింద ఫారం 67 దాఖలు చేసి మినహాయింపు తీసుకోవాలి, అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతా వివరాలు కూడా రాయాలి. అతను నీకు ఇచ్చే సలహా నీకు సరిపడదు, నువ్వు చేసినట్టు చేస్తే అతనికి ముప్పు. ఇద్దరూ ఒకే ఆఫీసులో, ఒకే జీతానికి పనిచేస్తున్నా ఇది ఇంతే.

ఇక నీ ఆదాయం. నాన్ రెసిడెంటుకు ఇక్కడ పుట్టిన ఆదాయం మీద, ఇక్కడ చేతికి అందిన ఆదాయం మీద మాత్రమే పన్ను. జర్మనీలో పనిచేసి, జర్మనీ ఖాతాలో తీసుకున్న జీతం మీద ఇక్కడ పన్ను లేదు. ఆ తరువాత అందులోంచి నువ్వు ఇంటికి పంపే డబ్బు మీద కూడా లేదు. అయితే ఆ జీతాన్ని నేరుగా ఇక్కడి ఖాతాలో జమ చేయమని మాత్రం ఎన్నడూ అడగకు. మొదట అందినది ఇక్కడే గనుక అది ఇక్కడి ఆదాయం కిందికి వచ్చే చిక్కు ఉంది.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ పనిచేసినందుకు నీకు మొత్తం 6,00,000 రూపాయలు వచ్చాయి. అది ఇక్కడి ఆదాయమే, ఏ తేదీన చేతికి వచ్చినా సరే. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షను తీసేస్తే 5,25,000 మిగులుతుంది. ఫిక్సెడ్ డిపాజిట్ల వడ్డీ 30,000 కలిపితే 5,55,000. 2025-26కి కొత్త విధానంలో పన్ను లేని పరిమితి 4,00,000. నీ ఆదాయం ఆ పరిమితిని దాటింది కాబట్టి రిటర్ను వేయడం నీకు తప్పనిసరి. నీ ప్రశ్నకు జవాబు ఇంతే, కాని దీని వెనుక ఇంకొక మెలిక ఉంది, అది నీ ఈడు పిల్లల్లో చాలామందికి తెలియదు.

12 లక్షల దాకా పన్ను లేదని నువ్వు కూడా విని ఉంటావు. 12 లక్షల దాకా సున్నా అయ్యేది 87ఏ సెక్షను కింద ఇచ్చే రిబేటు (పన్ను తగ్గింపు) వల్ల. ఆ రిబేటు రెసిడెంట్లకు మాత్రమే. నీకు రాదు. అందుకని 4,00,000 పైన ఉన్న 1,55,000 మీద 5 శాతం, అంటే 7,750, దాని మీద 4 శాతం సెస్సు 310, మొత్తం 8,060 రూపాయలు నువ్వు కట్టవలసిన పన్ను. అదే ఆదాయంతో ఇక్కడే ఉన్నవాళ్లు ఒక్క రూపాయి కూడా కట్టరు. ఇది న్యాయమా అని నన్ను అడిగితే, నాకూ అంతగా రుచించని నియమమే, అయినా చట్టం అదే.

ఇప్పుడు నీ ఫారం 16, అంటే జీతం, కోసిన పన్ను చూపుతూ ఇక్కడి పాత కంపెనీ ఇచ్చిన పత్రం చూడు. నువ్వు ఏడాదంతా ఆ కంపెనీలోనే పనిచేస్తావన్న అంచనాతో, నెలకు 1,20,000 చొప్పున 14,40,000 జీతం లెక్కగట్టి, నాలుగు నెలలపాటు నెలకు 7,345 చొప్పున 29,380 కోశారు. చివరి లెక్క తేల్చినప్పుడు దాన్ని సరిచేయలేదు. కట్టవలసింది 8,060 అయినప్పుడు మిగిలిన 21,320 నీ డబ్బు. రిటర్ను వేస్తేనే అది వెనక్కి వస్తుంది, వేయకపోతే అడిగేవాళ్లు లేక ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ చిన్నమామయ్య. నీకు పూర్తిగా తెలియదు, ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. మామయ్య గల్ఫ్‌లో ఉన్న రోజుల్లో ఇక్కడి డిపాజిట్ల మీద ఏడాదికి నాలుగున్నర లక్షల వడ్డీ వచ్చేది. తను అక్కడికి వెళ్లిన సంగతి బ్యాంకుకు చెప్పలేదు, ఖాతా మార్పించుకోలేదు. బ్యాంకు 10 శాతం కోసేది. కోసుకున్నారు కదా, ఇంక నా బాధ్యత తీరిందని తను అనుకున్నాడు. 2018-19 సంగతే చెబుతాను. పరిమితి రెండున్నర లక్షలు కనుక తను కట్టవలసిన పన్ను 10,400, కోసినది 45,000. అంటే 34,600 తనకే రావాలి. అదలా ఉండగా, ఆదాయం పరిమితి దాటినా రిటర్ను వేయలేదని నోటీసు వచ్చింది. అది తాతగారి ఇంటి చిరునామాకు వచ్చి, విప్పకుండా అల్మారాలో పడి ఉంది. పాన్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఎప్పుడో రద్దయింది. తను తిరిగి వచ్చాక కాగితాలన్నీ నా ముందు పెట్టాడు. రిటర్ను వేసే గడువు, రిఫండు అడిగే గడువు దాటిపోయాయి. ప్రభుత్వం నుంచి డబ్బు రావలసిన మనిషి, ఎగవేతదారుడిలాగా సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. ఊళ్లో వాళ్ల రిటర్నులన్నీ నింపిన నేను, తోడబుట్టినవాణ్ని ఒక్కసారైనా "నువ్వు వేస్తున్నావా తమ్ముడూ" అని అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీ దగ్గర ఆ పొరపాటు జరగనివ్వను.

నీ రిటర్నుకు గడువు 2026 జూలై 31. ఆ తరువాత డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేయవచ్చు గాని, నీ ఆదాయం 5 లక్షలు దాటింది కనుక 5,000 రుసుము పడుతుంది. వెళ్లేముందు షేర్లు ఏమైనా నష్టానికి అమ్మి ఉంటే చెప్పు. ఆ నష్టాన్ని రాబోయే సంవత్సరాలకు మోసుకుపోవాలంటే గడువులోపే వేయాలి. ఇన్నాళ్లూ నువ్వు వేసిన ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం నాన్ రెసిడెంట్లకు పనికిరాదు, ఈసారి ఐటీఆర్-2. అందులో హోదా దగ్గర నాన్ రెసిడెంట్ అని, ఇక్కడ ఉన్న రోజులు 146 అని రాయాలి. వేసిన తరువాత 30 రోజుల్లో ధ్రువీకరించాలి, అసలు ధ్రువీకరించకపోతే వేయనట్టే లెక్క. ఆధార్ ఓటీపీ నీ ఇక్కడి ఫోను నంబరుకే వస్తుంది. ఆ సిమ్ కార్డును దయచేసి చావనివ్వకు, చిన్న రీచార్జి నేను చేయిస్తూ ఉంటాను. అదీ కుదరకపోతే నెట్ బ్యాంకింగు ద్వారా ధ్రువీకరించవచ్చు, లేదా సంతకం చేసిన ఐటీఆర్-వి అనే రసీదు కాగితాన్ని బెంగళూరులోని ఆదాయపు పన్ను శాఖ కేంద్రానికి పోస్టులో పంపవచ్చు.

వచ్చే ఏడాది నుంచి సంగతి తేలికవుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ల సంఖ్యలు మారతాయి, కాని 182 రోజుల కొలత మారదు. 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి మాత్రం పాత చట్టమే. 2026-27లో నీకు ఇక్కడ జీతం ఉండదు, వడ్డీ 30,000 మాత్రమే ఉంటుంది. అది పరిమితికి ఎంతో దిగువ కనుక రిటర్ను వేయాలన్న నిర్బంధం లేదు. అయినా ఎన్నార్వో ఖాతాలోని (విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం జమ చేసుకునే ఖాతా) వడ్డీ మీద బ్యాంకు 30 శాతం పన్ను, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం కోస్తుంది. నీ 30,000కు అది 9,360 రూపాయలు. నువ్వు జర్మనీ నివాసివని అక్కడి పన్ను కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెచ్చి బ్యాంకుకు ఇస్తే, ఒప్పందం ప్రకారం ఆ కోత 10 శాతానికి తగ్గుతుంది. తేకపోతే రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. నిర్బంధం లేకపోయినా వేయమనే నా మాట. ఇంకొక సంగతి, ఇప్పటిదాకా ఉన్న నియమం ప్రకారం ఏడాదిలో మూలంలో కోసిన పన్ను (టీడీఎస్) 25,000 చేరితే, ఆదాయం పరిమితిలోపు ఉన్నా రిటర్ను తప్పనిసరి. 31.2 శాతం చొప్పున అది 80,000 పైచిలుకు వడ్డీకే చేరిపోతుంది. డిపాజిట్లు పెంచేముందు ఇది గుర్తుంచుకో. విదేశంలో సంపాదించినది దాచుకునే ఎన్నార్ఈ ఖాతా వడ్డీ మీద మాత్రం ఇక్కడ పన్ను లేదు, అక్కడి నుంచి పంపే డబ్బు అందులోనే వేసుకో.

నీ పొదుపు ఖాతా ఇంకా రెసిడెంటు ఖాతాగానే ఉంది. ఉద్యోగానికి దేశం విడిచినవాడు దాన్ని ఎన్నార్వోగా మార్పించుకోవాలి, ఇది విదేశీ మారక చట్టం కింద వచ్చే బాధ్యత. మామయ్య చేసిన మొదటి తప్పు ఇదే.

జర్మనీ పన్ను సంగతి అక్కడి నిపుణులనే అడుగు. అయితే అక్కడ జనవరి నుంచి డిసెంబరు వరకే పన్ను సంవత్సరం. నువ్వు చేరిన 2025లో అంతకుముందు ఇక్కడ సంపాదించినదాన్ని పన్ను రేటు నిర్ణయించడానికి లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి జనవరి నుంచి ఆగస్టు దాకా నీ జీతం చీటీలు అవసరపడతాయి, అవి పారేయకు.

నీ ఫారం 16 ప్రతి, బ్యాంకు వడ్డీ పత్రాలు బీరువాలోని ఆకుపచ్చ ఫైల్లో పెట్టాను, ఫొటోలు తీసి పంపుతాను. పాస్‌పోర్టులో బయలుదేరినప్పుడు వేసిన ముద్ర ఉన్న పేజీని, మొదటి పేజీని ఫొటోలు తీసి నాకు పంపు. రిఫండు జమ కావలసిన ఖాతా నంబరు కూడా రాయి. జూన్ రెండో వారంలో ఒక ఆదివారం నాకోసం గంటన్నర కేటాయించు, ఇద్దరం కలిసి కూర్చుని నింపుదాం.

ఆశీస్సులతో,
అమ్మ