బందరును నడిచి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగం బదిలీ మీద మచిలీపట్నం వచ్చి రెండేళ్లయింది. మొదట్లో నాకు తెలిసిందల్లా బందరు లడ్డూ, మంగినపూడి బీచ్, అంతే. పైగా ఓడరేవు ఊరంటారు గానీ ఊళ్లో ఎక్కడ నిలబడ్డా సముద్రం కనిపించదు, చాలా దూరం వెళ్లాలి!

ఒక ఆదివారం డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లాను. నల్లరాతి పలకల మీద అక్షరాలు లోపలికి కాకుండా పైకి ఉబ్బెత్తుగా చెక్కారు, వేలితో తడిమితే ఒక్కో అక్షరం తగులుతుంది, పక్కనే వంశ చిహ్నాలు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కడి అద్దకం బట్టల కోసం అంత దూరం నుంచి వచ్చి ఇక్కడే పోయిన మనుషులు వాళ్లు. ఇంగ్లిషువాళ్లు 1611లో వర్తక స్థావరం పెట్టిందీ ఈ ఊళ్లోనే. 1864 తుపానులో ఉప్పెన వచ్చి దాదాపు 30 వేల మంది పోయారని తెలిశాక, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే అద్దకం ఇప్పటికీ పక్కనే పెడనలో బతికే ఉంది, కరక్కాయ నీళ్లలో తడిపిన బట్ట మీద చెక్క అచ్చులు కొడుతుంటే ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది.

నేను అడిగితే మా వీధి పిల్లల్లో ఒక్కరు కూడా ఈ సమాధులు చూడలేదన్నారు. చాలా బాధేసింది. దయచేసి బడులవాళ్లు ఏడాదికి ఒక్క పూటైనా పిల్లల్ని బందరు కోటకీ, సమాధులకీ, పెడనకీ తీసుకెళ్లాలి. తోడు రమ్మంటే ఏ ఆదివారమైనా నేను సిద్ధం.

– ఒక పాఠకుడు, మచిలీపట్నం