శనివారం ఆటకు ముందు థ్రిమ్ గురించి

ఫ్రెండ్స్, శనివారం మనకు తగిలేది ఫ్రాస్ట్ జెయింట్సే, అంటే మంచు రాక్షసులే. మనం పాత్రలు వేసుకుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ ఆటలో వాళ్ల దేవుడు థ్రిమ్ నార్స్ (పాత స్కాండినేవియా) పురాణాల నుంచి వచ్చినవాడే. ఆ పురాణంలో అతను ఉరుముల దేవుడు థోర్ సుత్తి కాజేసి, ఫ్రేయా దేవతని ఇచ్చి పెళ్లి చేస్తేనే తిరిగిస్తానన్నాడు. దాంతో థోరే పెళ్లికూతురి ముసుగేసుకుని వెళ్లి, విందులో ఒక ఎద్దునూ ఎనిమిది సాల్మన్ చేపలనూ లాగించేశాడు! ‘పెళ్లి ఆత్రంతో ఎనిమిది రాత్రులుగా ఏమీ తినలేదు లెండి’ అని పక్కనున్న జిత్తులమారి దేవుడు ‘లోకి’ సర్దిచెప్పాడు. సుత్తి తెచ్చి ఆ ‘పెళ్లికూతురి’ ఒళ్లో పెట్టగానే పెళ్లివారందరికీ మూడింది.

అన్నట్టు, ఆ కథల్లో జెయింట్లు ఒట్టి మొద్దులేం కాదు, దేవతలకు చుట్టాలు కూడా. దేవతల పెద్ద ఓడిన్ తల్లి బెస్ట్లాది వాళ్ల వంశమే. ఆటల్లో ఆ చుట్టరికం ఎగరగొట్టి సైజు, గొడ్డలి మాత్రం ఉంచారు. నాకు అదే నచ్చదు. అందుకే ఈసారి కత్తి దూసే ముందు వాళ్లతో మాట్లాడి చూద్దాం, ఏమంటారు?