టోక్యోలో ఏ పేటలో ఉండాలో దగ్గరుండి చెప్పినవారందరికీ కృతజ్ఞతలు

టోక్యోకి చదువుకోవడానికి కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థుల తరఫున ఈ కృతజ్ఞతలు. నిషి కసాయ్‌లో ఉంటున్న అన్నలకు, అక్కలకు, యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసులో పనిచేసేవారికి, ఒప్పంద పత్రంలో ప్రతి లైనూ ఓపిగ్గా విడమరిచిన ఇళ్ల ఏజెంట్లకు, మీ అందరి పుణ్యమా అని ఎవరి క్యాంపస్‌కి తగిన చోటు వారికి దొరికింది. మీరు చెప్పినవి వెనకొచ్చే బ్యాచ్‌లకూ అందాలని ఇక్కడ రాసిపెడుతున్నాం.

ముందుగా నిషి కసాయ్ అక్కలకు. టోక్యో అనగానే మన ఊళ్లలో అందరూ చెప్పే పేరు నిషి కసాయ్. ఎదొగావ వార్డులోని ఈ పేటలో భారతీయ కుటుంబాలు ఎక్కువ. కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతాయి. పండగలకు పిలిచి భోజనం పెట్టేవాళ్లుంటారు. అలాంటి చోట కాపురముంటున్నవారే "మేమున్నామని ఇక్కడికి రావద్దు, నీ క్యాంపస్ ఎక్కడో చూసుకుని రా" అని చెప్పారంటే అది ఎంతో మేలు కోరి చెప్పిన మాట.

విషయం ఏమిటంటే, ఆ పేటకు మనవాళ్లు చేరడానికి ముఖ్య కారణం తోజాయ్ మెట్రో రైలు లైను. ఐటీ, బ్యాంకు ఆఫీసులున్న ఓతెమాచి, నిహోంబాషి వైపు రైలు మారకుండా వెళ్లొచ్చు. ఉద్యోగికి కుదిరింది విద్యార్థికి కుదరాలని లేదు. వసెద యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్ అయితే అదే లైను మీద రైలు మారకుండా అరగంటలోపు వెళ్లొచ్చు కాబట్టి నిషి కసాయ్ బాగానే ఉంటుంది. టోక్యో యూనివర్సిటీ హోంగో క్యాంపస్ అయితే ఓతెమాచి లాంటి చోట దిగి, భూగర్భంలో నడిచి, వేరే లైను ఎక్కాలి. ర్యాపిడ్ రైళ్లు నిషి కసాయ్‌లో ఆగవు. పొద్దున నగరంలోకి వెళ్లే తోజాయ్ రైళ్లలో కాలు మోపే చోటుండదు. ల్యాబ్‌కి రోజూ వెళ్లిరావాల్సినవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

యూనివర్సిటీ ఆఫీసువారు నేర్పింది దీనికన్నా మొదటి మెట్టు. యూనివర్సిటీ పేరు చూసి ఇల్లు వెతకకూడదు, మీ ల్యాబ్ ఏ క్యాంపస్‌లో ఉందో ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాసి తెలుసుకోవాలి. టోక్యో యూనివర్సిటీకే హోంగో, కొమాబా, కషివా అని మూడు పెద్ద క్యాంపస్‌లున్నాయి. కషివా క్యాంపస్ టోక్యో దాటి చిబా ప్రిఫెక్చర్లో, సుకుబా ఎక్స్‌ప్రెస్ లైను మీద ఉంది. హోంగో పక్కన ఎక్కువ అద్దెకు గది తీసుకుని రోజూ కషివా వెళ్లడం డబ్బూ సమయమూ రెండూ దండగే. వసెదలోనూ అంతే. సైన్సు, ఇంజనీరింగు విద్యార్థులు ఎక్కువమంది వెళ్లేది నిషి వసెద క్యాంపస్‌కి, దానికి ఫుకుతోషిన్ లైను. కందిలోని ఐఐటీ హైదరాబాద్ నుంచి జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా సాయంతో వచ్చేవారు, జపాన్ విద్యాశాఖ ఇచ్చే మెక్స్‌ట్ స్కాలర్‌షిప్ మీద వచ్చేవారు వేరువేరు యూనివర్సిటీలకు వెళ్తుంటారు కాబట్టి, సీనియర్ ఉన్న పేటే మీకూ సరిపోతుందని అనుకోవద్దు.

క్యాంపస్ తెలిశాక, దాని చుట్టూ నడిచి వెళ్లగలిగిన స్టేషన్లన్నీ రాసుకోవాలి. హోంగోకి హోంగో సంచోమె, తోదాయ్‌మాయె, నెజు, కసుగ ఉన్నాయి. ఇవి అయిదు వేరువేరు లైన్లకు దారి. అప్పుడు ఒక్కో లైను వెంట బయటికి వెళ్తూ అద్దె ఎక్కడ తగ్గుతుందో చూడాలి. నెజు మీదుగా వెళ్లే చియోద లైను మీద కిత సెంజు, అయసె వస్తాయి. అయసెలో కొన్ని రైళ్లు అక్కడే మొదలవుతాయి, కాస్త ముందు వెళ్తే కూర్చుని ప్రయాణం చేయొచ్చు. కసుగ మీదుగా వెళ్లే మిత లైను మీద ఇతబాషి వార్డు పేటలున్నాయి. రైలు మారకుండా ముప్పై అయిదు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు, రెండుసార్లు మారుతూ ఇరవై అయిదు నిమిషాల్లో వెళ్లడం కన్నా అదే నయం. రాత్రి ల్యాబ్‌లో ఆలస్యమైనప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. చివరి రైలు పన్నెండున్నర ప్రాంతంలో వెళ్లిపోతుంది. మధ్యలో మారాల్సి ఉంటే ఆ రెండో లైను చివరి రైలు ఎప్పుడో చూసుకోవాలి.

ఏజెంట్లలో ఒకరు చెప్పిన ఒక చిన్న లెక్క అందరూ గుర్తుపెట్టుకోవాలి. ప్రకటనలో "స్టేషన్ నుంచి పది నిమిషాల నడక" అంటే నిమిషానికి 80 మీటర్ల చొప్పున కట్టిన దూరం. ఎత్తుపల్లాలు, సిగ్నళ్ల దగ్గర ఆగడం అందులో ఉండవు. ఇంటి నుంచి స్టేషన్, రైలు, అక్కణ్ణుంచి మీ భవనం తలుపు దాకా మొత్తం కలిపి చూసుకోండి.

డబ్బు దగ్గర ఏజెంట్లు చేసిన మేలుకు ప్రత్యేకంగా నమస్కారాలు. ఖర్చులన్నీ ముందే కాగితం మీద పెట్టి చూపించారు. అద్దె 60,000 యెన్లు, నిర్వహణ రుసుము 5,000 ఉన్న గది అనుకుందాం. షికికిన్ అనే డిపాజిట్ ఒక నెల, 60,000. రేకిన్ ఒక నెల, ఇంకో 60,000. ఇది ఇంటి యజమానికి ఇచ్చేసేదే, తిరిగి రాదు. ఏజెంటు కమిషన్ పన్నుతో కలిపి 66,000. ఒక నెల ముందస్తు అద్దె 65,000. మన అద్దెకు హామీగా నిలబడే కంపెనీకి సగం నెల కింద 32,500. అగ్నిప్రమాద బీమా రెండేళ్లకు 18,000 ప్రాంతం, తాళం మార్చడానికి 20,000 ప్రాంతం. మొత్తం 3 లక్షల 21 వేల 500 యెన్లు, అంటే గదిలో అడుగుపెట్టేసరికి సుమారు అయిదు నెలల అద్దె. ఏజెంటు కమిషన్‌కి చట్టప్రకారం ఒక నెల అద్దె, దాని మీద పన్నే గరిష్ఠం. అంతకు మించి అడిగితే కారణం అడగండి. క్రిమినాశక స్ప్రే, "24 గంటల సహాయం" లాంటివి బిల్లులో కనిపిస్తే తీసేయమని అడగొచ్చు. చాలాసార్లు తీసేస్తారు.

పేటలను పోల్చేటప్పుడు నెల అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. పై గదికి రెండేళ్లలో 65,000 చొప్పున 15 లక్షల 60 వేలు, రేకిన్‌తో 16 లక్షల 20 వేలు. రేకిన్ లేకుండా అన్నీ కలిపి నెలకు 67,000 అడిగే గదికి రెండేళ్లకు 16 లక్షల 8 వేలే. పైకి ఖరీదుగా కనిపించిందే చౌక. టోక్యోలో చాలా ఒప్పందాలకు రెండేళ్లకోసారి ఒక నెల అద్దె రెన్యువల్ కింద కట్టాలి. యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే గృహాలకు రేకిన్, కమిషన్, రెన్యువల్, హామీదారు ఏవీ అక్కర్లేదు. డిపాజిట్ రెండు నెలలది. అద్దెకు తగ్గ ఆదాయం చూపించలేకపోతే ఏడాది అద్దె ఒకేసారి ముందే కట్టే పద్ధతి ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఉండాలనుకుంటే, పేర్లన్నీ ఒప్పందంలో ఎలా చేర్చాలో ముందే అడిగి, ఈ గృహాలు చూడండి.

రైలు పాసు గురించి ఆఫీసువారు చేసిన హెచ్చరిక చాలామందిని కాపాడింది. విద్యార్థి పాసు చాలా చౌక కానీ, డిగ్రీ కోర్సులో పేరుండాలి. కెంక్యూసెయ్‌గా, అంటే డిగ్రీలో చేరకముందు పరిశోధక విద్యార్థిగా వచ్చేవారికి అది సాధారణంగా ఇవ్వరు. వాళ్లు మొదటి ఆరు నెలలో, ఏడాదో మామూలు పాసు ధరే లెక్కలో వేసుకోవాలి. అలాంటివారికి పదివేలు ఎక్కువ అద్దె పెట్టి సైకిలు దూరంలో ఉండటమే మేలు కావచ్చు.

ఇక నేల గురించి. దీని గురించి అందరికన్నా గట్టిగా చెప్పినవారు కూడా ఎదొగావలో ఉండేవారే. ఆ వార్డులో సుమారు 70 శాతం నేల సముద్రపు పోటు మట్టానికి కిందే ఉంటుంది. అరకావ నది, ఎదొగావ నది పాత పాయ రెండూ అక్కడే సముద్రంలో కలుస్తాయి. వార్డు 2019లో ఇచ్చిన వరద మ్యాప్ మీద, పెద్ద వరద వస్తే ఇక్కడ ఉండకూడదు, వార్డు దాటి వెళ్లండి అని సూటిగా రాశారు. అదే నిషి కసాయ్‌లో స్టేషన్‌కి దక్షిణాన సెయ్‌షిన్‌చో, రింకాయ్‌చో సముద్రాన్ని పూడ్చి ఎత్తుగా వేసిన నేలలు. మిత లైను మీదైతే షిమురా సకఉయె గట్టు మీద ఉంది. తర్వాతి స్టేషన్ షిమురా సంచోమె పల్లంలో ఉంది. అంటే ఒక్క స్టేషన్ దూరంలోనే వరద భయం మారిపోతుంది. 2020 ఆగస్టు నుంచి ఒప్పందానికి ముందు వరద మ్యాప్‌లో ఇల్లు ఎక్కడుందో చూపించడం ఏజెంటు విధి. పల్లంలో తీసుకోక తప్పకపోతే కనీసం మూడో అంతస్తు చూడండి. భూకంపం విషయంలో భవనానికి అనుమతి 1981 జూన్ 1 తర్వాత వచ్చిందో లేదో అడగండి, చెక్క ఇల్లైతే 2000 తర్వాత కట్టింది మంచిది. చెక్క ఇళ్లలో పక్కగది ఫోను మాటలు వినపడతాయి. రాత్రి ఇండియాకి ఫోన్లు చేసేవారు కాంక్రీటు భవనాలే చూసుకోవాలి.

వంటగది గురించి ఒక అక్క చెప్పినంత వివరంగా ఏ ప్రకటనలోనూ ఉండదు. ఒంటి గదుల్లో తరచూ ఒకే బర్నరు ఐహెచ్ (ఇండక్షన్) పొయ్యి ఉంటుంది. మన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. అడుగు అయస్కాంతానికి అంటుకునే స్టీలుదే తేవాలి. మిక్సీ కూడా ఇంటి దగ్గర్నుంచి తేవద్దు, ఇక్కడ కరెంటు 100 వోల్టులే. గ్యాసు పొయ్యి ఉన్న గదైతే నగర గ్యాసా, సిలిండర్ల ప్రొపేనా అని అడగాలి. శివారు పేటల్లో ప్రొపేన్ ఎక్కువ, బిల్లు దాదాపు రెట్టింపు కావచ్చు, తగ్గిన అద్దె కాస్తా చలికాలంలో వేడినీళ్ల ఖర్చుకే పోతుంది. తాలింపు పొగ బయటికి లాగే ఫ్యాను పొయ్యి మీదే ఉందో లేదో గది చూసినప్పుడే వేసి చూడండి.

విదేశీయులకు ఇవ్వం అనే యజమానులు ఇంకా ఉన్నారు. అది విన్నప్పుడు మనసు కష్టపడుతుంది. ఆ సమయంలో ఏజెంట్లు ముందే ఫోన్లు చేసి, ఒప్పుకునేవారివే చూపించడం వల్ల వృథా తిరుగుడు తప్పింది. యూనివర్సిటీ హామీదారుగా నిలబడే విద్యార్థి గృహబీమా గురించి చెప్పిన ఆఫీసువారికి కూడా రుణపడి ఉన్నాం. మీ యూనివర్సిటీలో ఆ సౌకర్యం ఉందేమో తప్పకుండా అడగండి.

ఇండియా నుంచే ఒప్పందం చేసుకోవాలని తొందరపడొద్దు. నివాస కార్డు, జపాన్ ఫోను నంబరు లేకుండా చాలా ఇళ్లు ఇవ్వరు. మొదటి రెండు నెలలకు హాస్టలో, షేర్ హౌసో పట్టుకుని, వచ్చాక పేటల్లో పగలూ రాత్రీ తిరిగి చూడండి. ఇల్లు మారిన 14 రోజుల్లో వార్డు ఆఫీసులో చిరునామా రాయించాలి. జనవరి నుంచి మార్చి దాకా గదులు గంటల్లో పోతాయి, ధర తగ్గించరు. అక్టోబరులో చేరేవారు కొంచెం బేరమాడొచ్చు, ముఖ్యంగా రేకిన్ తగ్గించమని.

గదిలో సామాను పెట్టకముందే గోడలకు, నేలకు తేదీతో ఫొటోలు తీయమని చెప్పిన అన్నకు, చెత్త వేసే రోజుల పట్టికను తెలుగులో రాసి పంపిన అక్కకు కూడా మా అందరి నమస్కారాలు.